శాతం సరే, ఆ నీళ్లు ఏ బోరువి?

థీసిస్ ఇచ్చే గడువు దగ్గరపడిందంటే మన క్యాంపస్‌లలో స్కాలర్లు ఒకరినొకరు అడిగే మాట ఒకటే. "ఎంతొచ్చింది?" అడిగేది మార్కుల గురించి కాదు, ప్లాగరిజం శాతం గురించి, అంటే థీసిస్‌లో ఎంత భాగం ఇతరుల రాతలతో కలుస్తోందని సాఫ్ట్‌వేర్ చూపే లెక్క గురించి. 10 లోపు వస్తే మొహం వెలిగిపోతుంది. 18, 20 వస్తే టెన్షన్ మొదలు. డీటీపీ సెంటర్లో కూర్చుని, ఎర్రగా కనపడ్డ వాక్యాలన్నీ అటూ ఇటూ మార్చి, శాతం దించుకుని వస్తారు. గైడు సర్టిఫికెట్ మీద సంతకం పెడతారు. నిజాయితీ పరీక్ష అక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు.

నేను నల్లగొండలో కెమిస్ట్రీ చెప్తాను. ఎమ్మెస్సీ పిల్లల ప్రాజెక్టులు చూస్తాను. పీహెచ్‌డీలో చేరిన పాత విద్యార్థులు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల కష్టసుఖాలు చెప్పుకుంటారు. "ఎంతొచ్చింది" అనే ప్రశ్న వాళ్ల నోట లెక్కలేనన్నిసార్లు విన్నాను. "ఈ రీడింగు ఏ ఊరి బోరుది, ఏ రోజు తీశావు, నీ ఫీల్డ్ నోట్‌బుక్ ఏది?" అని తమ గైడు అడిగారని చెప్పినవాళ్లు చాలా తక్కువ. ఇది ఏ ఒక్క యూనివర్సిటీ సంగతో కాదు. నల్లగొండ, పాలమూరు, హైదరాబాద్, ఎక్కడైనా ఇంతే.

నా వాదన సూటిగా చెప్తాను. ఫీల్డ్ నోట్‌బుక్ చూడకుండా, అందులో పనితో పాటే తన సంతకాలు పడకుండా, ఏ గైడూ థీసిస్ మీద సంతకం పెట్టకూడదు. పరిశోధనలో నిజాయితీ కాపాడే బాధ్యత సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఆ బరువంతా తీసుకెళ్లి స్టూడెంట్ నెత్తిన పెట్టడమూ న్యాయం కాదు. మొదటి బాధ్యత గైడుది, ఆ గైడును నియమించిన యూనివర్సిటీది.

ముందు నిబంధనల సంగతి. యూజీసీ 2018లో అకడమిక్ ఇంటిగ్రిటీ, ప్లాగరిజం నివారణ మీద రెగ్యులేషన్లు తెచ్చింది. అందులో థీసిస్‌లకు మెట్లు ఉన్నాయి. పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిదిద్ది, ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అధ్యాపకులు వేసే పేపర్లకూ ఇలాగే మెట్లు ఉన్నాయి. పేపరు వెనక్కి తీసుకోవడం దగ్గర మొదలై, ఇంక్రిమెంట్లు ఆపడం, రెండు మూడేళ్లు కొత్త స్కాలర్లను ఇవ్వకపోవడం దాకా వెళ్తాయి. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, రెఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. అందరూ వాడే మాటలు వరుసగా పద్నాలుగు వరకు కలిసినా పట్టించుకోరు. ఫిర్యాదు వస్తే డిపార్ట్‌మెంట్ ప్యానెల్ 45 రోజుల్లో, ఆపైన సంస్థ ప్యానెల్ ఇంకో 45 రోజుల్లో తేల్చాలి. ప్రతి సెమిస్టర్‌లో అవగాహన కార్యక్రమాలు పెట్టాలి. ఇది నా సొంత రచన అని స్కాలరు రాసివ్వాలి. ఇందులో కాపీ లేదని గైడు సర్టిఫికెట్ ఇవ్వాలి.

ఇవన్నీ అవసరమైన నిబంధనలే. అంతకుముందు ఇంత స్పష్టమైన మెట్లు లేని చోట ఇవి వచ్చాయి, మంచిదే. కానీ ఆ రెగ్యులేషన్లు పట్టుకునేది ఒక్క దొంగతనాన్నే. ఇంకొకరి రాతను, ఆలోచనను తనదని చెప్పుకోవడం. అసలు జరగని సర్వేను జరిగిందని రాస్తే? పోని ఊరికి పోయానని, తీయని నీళ్లు తీశానని రాస్తే? ఆ అబద్ధం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు కాబట్టి పోలిక శాతం సున్నా వస్తుంది. ఒళ్లు వంచి ఊరూరూ తిరిగి, మెథడ్స్ అధ్యాయంలో పద్ధతిని అందరూ రాసే మాటల్లోనే రాసిన పిల్లకు 14 శాతం వస్తుంది. హాస్టల్ రూములో కూర్చుని అంకెలు పుట్టించినవాడికి 3 వస్తుంది. మనం ఆ పిల్లను నిలబెట్టి ప్రశ్నలు అడుగుతాం, వాడికి చప్పట్లు కొడతాం.

కాపీ విషయంలో కూడా సాఫ్ట్‌వేర్ చూపు అంతంతమాత్రమే. యూనివర్సిటీలకు యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019 నుంచి శోధ్‌శుద్ధి అనే కార్యక్రమం కింద ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తోంది. ఇంగ్లిష్ థీసిస్‌ల వరకు పని నడుస్తుంది. తెలుగులో రాసే థీసిస్‌ల సంగతి వేరు. ఇంగ్లిష్ పుస్తకంలోని అధ్యాయాన్ని తెలుగు చేసి పెడితే పట్టుకోవడం చాలా కష్టం. పాత తెలుగు థీసిస్‌లు ఎక్కువ భాగం యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవో, స్కాన్ చేసి ఎక్కించినవో. వాటిలోని అక్షరాలు యంత్రానికి అక్షరాలుగానే కనపడవు. తెలుగు శాఖలో పనిచేసే మిత్రుడు ఒకసారి అన్నాడు, "మా దగ్గర శాతం ఎప్పుడూ తక్కువే వస్తది, అదే నా భయం" అని. ఆయన భయం సరైనదే. ఇప్పుడు ఏఐ టూల్స్ వచ్చాయి. వాక్యాలు మార్చడమే కాదు, లేని రెఫరెన్సును కూడా ఉన్నట్టే తయారుచేసి ఇస్తాయి. పేరు, సంవత్సరం, పేజీ నంబరు అన్నీ ఉంటాయి, వెతికితే ఆ పేపరు ఎక్కడా ఉండదు. దాన్ని పట్టుకోవడానికి కొత్త యంత్రం కోసం ఎదురుచూడక్కర్లేదు. రెఫరెన్సుల్లోంచి ఓ నాలుగు తీసి "ఇది చదివావా? ఇందులో ఏముంది?" అని గైడు అడిగితే చాలు.

ఈ మాట నల్లగొండ నుంచి చెప్పడానికి కారణం ఉంది. మన జిల్లా మనుషులు పరిశోధనకు ఇచ్చినంత ఈ దేశంలో చాలా కొద్ది జిల్లాల వాళ్లే ఇచ్చి ఉంటారు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు గురించి రాశారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని, ఎముకలు గుల్లబారడాన్ని లాన్సెట్‌లో వివరించారు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల వాళ్లు రాసే పుస్తకాల్లో కూడా మన జిల్లా పేరు కనపడేది ఆ పద్ధతి వల్లే.

ఆ పని వెనక మనుషులున్నారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బావి నీళ్లు ఇచ్చింది వాళ్లు. పళ్లు చూపించింది, ఎక్స్‌రేలకు కూర్చుంది, మూత్రం ఇచ్చింది, వంగని నడుముతో వచ్చి నిలబడింది వాళ్లు. తరాలు మారినా ఇంకా ఇస్తూనే ఉన్నారు. ఎవరో ఒక స్కాలరు సీసాలు పట్టుకుని వస్తే పొమ్మనలేదు. బోరింగు కొట్టి నీళ్లు పట్టిచ్చి, కూర్చోబెట్టి చాయ్ పోశారు. ఒక ఊళ్లో పెద్దామె మా పిల్లలతో అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. "ఎంతమంది రాస్కపోయిండ్రో బిడ్డా. మీరన్న ఏమున్నదో చెప్పి పోండ్రి."

అటువంటి ఊరి పేరు మీద రాని రీడింగు రాయడాన్ని చిన్న తప్పుగా చూడలేను. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ల దిక్కు లేకపోతే 1.5 దాకా. ఆ గీతకు ఇటు 1.2 రాసినా అటు 2.8 రాసినా అంకెలు పుట్టించేవాడికి తేడా లేదు. ఊరికి ఉంది. మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వస్తున్నా, పైపు పగిలిన రోజు, చేను పనికి పోయిన రోజు తాగేది బోరు నీళ్లే. థీసిస్‌లో ఆ బోరు మంచిదని పడితే, ఇంకో స్కాలరు దాన్ని ఎత్తి రాస్తాడు, అది పేపరు అవుతుంది, ఆ పేపరును రివ్యూలో కలుపుతారు. నాలుగు చేతులు మారాక అది అబద్ధమని చెప్పగలిగేవాడు ఎవరూ ఉండడు.

ఇలా జరుగుతుందా, మరీ అంత ఘోరమా అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి. చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసర్ ఒకాయన పాతికేళ్ల పాటు హిమాలయ శిలాజాల మీద వందలాది పేపర్లు వేశారు. ఆ శిలాజాల్లో చాలా వాటికి హిమాలయాలతో సంబంధమే లేదని, వేరే దేశాల నుంచి వచ్చిన రాళ్లని 1989లో నేచర్ పత్రికలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ బయటపెట్టారు. రాళ్లు నిజమైనవే, దొరికిన చోటే అబద్ధం. ఆ పేపర్ల మీద ఎందరో సహరచయితల పేర్లున్నాయి. "ఇది సరిగ్గా ఏ లోయలో దొరికింది, నన్ను అక్కడికి తీసుకుపో" అని వాళ్లు ముందే అడిగి ఉంటే కథ అన్నేళ్లు సాగేది కాదు. మనకు ఇంకా దగ్గరి సంగతి 2008 నాటిది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒకరి పేర్న అంతర్జాతీయ పత్రికల్లో వచ్చిన సుమారు 70 పేపర్లలో కాపీలు, కల్పిత డేటా ఉన్నాయని తేలింది. కెమిస్ట్రీ చెప్పేవాళ్లం అందరం ఆ వార్త చదివి సిగ్గుపడ్డాం. నన్ను ఎక్కువ కలచివేసింది ఒక్కటే. అన్ని పేపర్లు వస్తున్నప్పుడు పక్క గదిలో ఉన్నవాళ్లెవరూ ల్యాబ్ రికార్డులు అడగలేదా?

పక్క గదిలో ఉన్నవాళ్లు అడగాల్సిందేమిటో, నోట్‌బుక్ ఏం చెప్తుందో, కొంచెం విడమరిచి రాస్తాను. ఇది బయటివాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు.

ఫ్లోరైడ్‌ను ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు మీటరు ఇచ్చేది మిల్లీవోల్టులు. తెలిసిన గాఢత ఉన్న స్టాండర్డ్ ద్రావణాలతో ముందు కాలిబ్రేషన్ చేయాలి, అంటే మీటరును సరిచూసుకోవాలి. ప్రతి సాంపిల్‌కూ టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలపాలి. సాంపిళ్లను ప్లాస్టిక్ సీసాల్లో తేవాలి, గాజుతో ఫ్లోరైడ్‌కు పడదు. కాబట్టి నిజంగా పనిచేసిన పిల్ల నోట్‌బుక్‌లో ఆ రోజు కాలిబ్రేషన్ స్లోపు ఉంటుంది, మిల్లీవోల్టులు ఉంటాయి, అవి ఒక రోజుకీ ఇంకో రోజుకీ కొంచెం మారతాయి. ఒకే సాంపిల్‌ను రెండుసార్లు కొలిస్తే వచ్చిన చిన్న తేడా ఉంటుంది. కొట్టివేతలు ఉంటాయి. "ఎలక్ట్రోడ్ నిలకడగా లేదు, రేపు మళ్లీ చూడాలి" అని మూలన రాసుకుని ఉంటుంది. లేని పనిని రాసినవాడి దగ్గర చివరి పట్టిక ఒక్కటే ఉంటుంది. అందమైన ఎక్సెల్ షీటు. ఎండాకాలం అంకెలన్నీ వానాకాలం కంటే సరిగ్గా ఒకే మోతాదులో ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే ఎండాకాలం ఫ్లోరైడ్ పెరుగుతుందని అతను పుస్తకంలో చదివాడు. నేల అట్లా ఉండదు. మన గ్రానైట్ రాళ్లలో పక్కపక్క బోర్లలోనే పొంతన లేని రీడింగులు వస్తాయి.

దేవరకొండ వైపు ఊళ్ల నుంచి సాంపిళ్లు తెచ్చిన అమ్మాయి ఒకామె నోట్‌బుక్‌లో మే నెల పేజీలో మూడు గడులు ఖాళీగా ఉన్నాయి. పక్కన "బోరు ఎండింది" అని ఉంది. ఆ ఖాళీ గడులు చూసి నాకు కలిగిన నమ్మకం నిండిన గడులు చూస్తే కలగలేదు. సాంపిల్ సంఖ్య తగ్గుతుందని ఆ అమ్మాయి భయపడుతూ వచ్చింది. "అదే రాయి, ఎండిందనే రాయి, ఆ మూడు బోర్లు ఎక్కడున్నాయో కూడా రాయి" అన్నాను. ఎండిపోవడం కూడా ఆ ఊరి సంగతే కదా.

సైన్సు ఒక్కటే కాదు. పాలమూరులో సోషల్ సైన్సెస్ స్కాలర్లు వలస మీద, స్వయం సహాయక సంఘాల మీద, చదువుల మీద ఇంటింటి సర్వేలు చేస్తారు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు తండాలకు ఎండాకాలంలో పోతే సగం ఇళ్లకు తాళాలుంటాయి. ముంబై, పుణె, హైదరాబాద్ పోయి ఉంటారు. ఇంటి దగ్గర ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటారు. అలాంటి తండాలో ఏప్రిల్ నెలలో సర్వేకు ఎంచుకున్న కుటుంబాలన్నీ దొరికి, అందరూ అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పారని థీసిస్‌లో ఉంటే, గైడు అక్కడ ఆగాలి. ఇంకొకటి చూడండి. ఊళ్లో పెద్దవాళ్లను వయసు అడిగితే "అరవై ఉంటయేమో" అంటారు, "యాభయ్ అనుకో" అంటారు. నిజమైన సర్వేలో అందుకే వయసులు 40, 45, 50, 60 దగ్గర గుంపుగా పడతాయి. గదిలో కూర్చుని నింపిన షీట్లలో 43, 47, 52, 58 అని చక్కగా పరుచుకుని ఉంటాయి. షీట్లన్నీ ఒకే పెన్నుతో, మడత పడకుండా, మట్టి అంటకుండా ఉంటాయి. ఇవి కనిపెట్టడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పల్లెటూరు తెలిసిన గైడు కళ్లు చాలు. మన యూనివర్సిటీల్లో చాలామంది గైడ్లు ఆ ఊళ్లలో పుట్టినవాళ్లే.

సమ్మతి పత్రాల సంగతీ అంతే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యానికి సంబంధించిన పరిశోధనలో పాల్గొనే మనిషికి అతని భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. ఇది కాగితాల గోల అనిపించేవాళ్లు ఖమ్మం జిల్లాను గుర్తు చేసుకోవాలి. 2009లో అక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టులో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకాలు వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ తల్లిదండ్రులను అడగకపోవడం తప్పు, అంతే. మన ఎమ్మెస్సీ పిల్లలు బడికి పోయి పిల్లల పళ్లు చూసి ఫొటోలు తీసుకునేటప్పుడు హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు కదా అని తెచ్చేస్తుంటారు. అక్కడ ఆపి నేర్పించాల్సింది మనమే.

మరి స్టూడెంట్‌కు బాధ్యత లేదా? ఉంది. అంకె పుట్టించిన చెయ్యి అతనిదే అయితే తప్పు అతనిదే. కానీ ఆ చెయ్యి అటు ఎందుకు పోయిందో చూడకుండా శిక్ష వేసి ఊరుకుంటే, వచ్చే బ్యాచ్‌లో ఇంకో చెయ్యి అదే పని చేస్తుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల పీహెచ్‌డీలో చేరుతుంది. ఫెలోషిప్ నెలల తరబడి రాదు. బస్సు చార్జీలు సొంతవి. ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ పాడైతే కొత్తది కొనడానికి ఫైలు కదలదు. ఇవి ఎవరూ ఒప్పుకోని నిజాలు కావు, అందరికీ తెలిసినవే. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి. "సార్, నేననుకున్నట్టు రాలేదు, రెండు ఊళ్ల మధ్య తేడా ఏమీ లేదు" అని వచ్చి చెప్పిన పిల్లవాడి మీద అరిచే గైడు. "తేడా లేకపోతే థీసిస్ ఎట్లయితది?" అన్న ఒక్క మాట చాలు, వచ్చే నెల తేడా వచ్చి కూర్చుంటుంది. తేడా లేదన్నది కూడా ఫలితమే. ఆ మాట గైడు నోటి నుంచి మొదటి రోజే రావాలి.

గైడు పేరు మొదట పెట్టడం, పనిచేయని హెడ్ పేరు కలపడం, ప్రమోషన్ కోసం తోటివాడి పేరు ఇరికించడం, ఇవన్నీ స్టూడెంట్ చూస్తూనే ఉంటాడు. తన పనిలో వేలు పెట్టనివాళ్ల పేర్లు పేపరు మీద పడ్డాక, అంకెల్లో నిజాయితీ గురించి ఆ గైడు ఏం చెప్పినా పిల్లల చెవికెక్కదు. సూటిగా చెప్పాలంటే, పని చేయనివాళ్ల పేరు పేపరు మీద ఉండటం కూడా కల్పిత డేటానే.

ఇక్కడ కొంత ఊరట కూడా ఉంది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు జర్నల్‌లో పేపరు వేసి తీరాలన్న షరతును యూజీసీ 2022 రెగ్యులేషన్లలో తీసేసింది. డబ్బు కడితే వారంలో వేసే జర్నల్‌ల వెంట స్కాలర్లు పడాల్సిన అవసరం ఆ మేరకు తగ్గింది. 2019 డిసెంబరు నుంచి రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్ అనే రెండు క్రెడిట్ల కోర్సు పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో తప్పనిసరి అయింది. కల్పన, తారుమారు, కాపీ, ఒకే పనిని ముక్కలు చేసి నాలుగు పేపర్లు వేయడం, అన్నీ సిలబస్‌లో ఉన్నాయి. మంచి జర్నల్‌ల జాబితాగా అందరూ చూసుకున్న యూజీసీ కేర్ లిస్టును 2025లో ఎత్తేశారు. ఏది మంచి జర్నలో తేల్చుకునే పని ఇప్పుడు యూనివర్సిటీ మీదే పడింది. అంటే పైనుంచి వచ్చే జాబితాను చూసి తల ఊపే రోజులు పోయాయి. చదివి, ఆలోచించి, తేల్చి చెప్పే మనిషి మళ్లీ అవసరమయ్యాడు.

గైడ్లకు టైం ఎక్కడిది అనే మాట వస్తుంది. రెగ్యులర్ పోస్టులు ఖాళీగా ఉండి, ఉన్నవాళ్ల మీద పాఠాలు, పరీక్షలు, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ ఫైళ్లు పడుతున్న మాట నిజం. కానీ యూజీసీ నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది పీహెచ్‌డీ స్కాలర్లను మించకూడదు. నలుగురి నోట్‌బుక్‌లు వారానికోసారి తెరిచి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టడానికి ఎంత సేపు పడుతుంది? ఆ మాత్రం టైం లేని గైడు ఐదో స్కాలరు కోసం ఎదురుచూడటం ఎందుకు?

నోట్‌బుక్ కూడా పుట్టించవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. పుట్టించవచ్చు. వారం వారం సంతకం పడే నోట్‌బుక్‌ను పుట్టించడం చివర్లో ఎక్సెల్ షీటు పుట్టించినంత తేలిక కాదు. అయినా సరిపోదంటే, నా దృష్టిలో ఇంకా గట్టి తనిఖీ ఒకటుంది. ఫలితాలను ఆ ఊరికి తిరిగి తీసుకుపోయి చెప్పడం. గ్రామ పంచాయతీ ముందు నిలబడి "మీ బడి దగ్గరి బోరు నీళ్లలో ఇంత, హరిజనవాడ బోరింగులో ఇంత, పలానా నెలలో వచ్చి తీశాం" అని చదివి, ఆ కాగితం గోడకు అంటించి రావాలని డిపార్ట్‌మెంట్ షరతు పెట్టిందనుకోండి. ఊరికి రాని మనిషి ఆ పని చేయలేడు. "నువ్వెప్పుడొచ్చినవు సారూ, ఆ బోరు పనిచెయ్యక రెండేండ్లాయె" అని అక్కడే తేలిపోతుంది. ఏ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరూ అడగలేని ప్రశ్న ఊరు అడుగుతుంది. పైగా ఆ పెద్దామె అడిగింది ఇదే కదా, చెప్పి పొమ్మని.

దీనికి రెండు అభ్యంతరాలు వింటుంటాను. ఒకటి, ఊళ్లో గొడవలవుతాయని, అధికారులు నొచ్చుకుంటారని. నీళ్లు బాగాలేవని నిజంగా తేలితే అధికారికి ముందు రోజే కాపీ పంపండి, నీళ్లు మళ్లీ పరీక్ష చేయించమని అడగండి. నొచ్చుకున్నా పరవాలేదు, చెప్పకుండా ఉంచి థీసిస్‌కు బైండింగ్ చేయించుకోవడం కంటే నయం. రెండోది నిజంగా ఆలోచించాల్సింది, మనుషుల వివరాలు బయటపడతాయని. నీళ్ల రీడింగు ఊరందరిది, అది గోడ మీదికి ఎక్కాలి. ఒక మనిషి మూత్రంలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎవరి బిడ్డ పళ్లు ఎట్లున్నాయి అన్నది ఆ మనిషిది, ఆ ఇంటిది. దాన్ని ఇంటికి పోయి వాళ్లకే చెప్పాలి, డాక్టరుకు చూపించమని చీటీ రాసివ్వాలి, థీసిస్‌లో పేరు రాకూడదు. ఈ తేడా స్కాలరుకు చెప్పాల్సింది సాంపిళ్లు తీయడానికి పోకముందు, పరిశోధన ప్రణాళిక రాసిచ్చే సినాప్సిస్ దశలోనే. ఊరికి తిరిగి పోయే బస్సు చార్జీ కూడా ఆ రోజే ప్రాజెక్టు బడ్జెట్‌లో రాసుకోవాలి.